జీర్ణాశయం తీసేశాక

నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే గ్యాస్ అన్నారు అందరూ. మాత్రలు మింగుతూ నెలలు నెట్టాను. విరేచనం నల్లగా అవుతూ, మెట్లెక్కితే ఆయాసం వచ్చాక నోట్లోంచి గొట్టం వేసి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది.

వెంటనే కోసేయమని మావాళ్లు పట్టుబట్టారు. సర్జన్ ఒప్పుకోలేదు. స్కాన్ అయ్యాక కూడా పొట్టకు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో లోపల వెతికారు. రోగం పొట్ట లోపలి పొరకు పాకి ఉంటే కోసినా పోదట, కోత బాధ ఒక్కటే మిగులుతుందట. పాకలేదు. ముందు నాలుగు విడతల కీమో, తర్వాత ఆపరేషన్, ఆ పైన మళ్లీ కీమో అన్నారు. మందులతోనే సరిపెట్టరా అని అడిగాను. “మందు గడ్డను తగ్గిస్తుందమ్మా. పూర్తిగా పోవాలంటే తియ్యాల్సిందే” అన్నారు.

గడ్డ పైభాగంలో ఉండటంతో జీర్ణాశయం మొత్తం తీసేశారు, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులతో సహా. చిన్నపేగును పైకి తెచ్చి అన్నవాహికకు కుట్టారు. 1881లో వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్ ఒకావిడకు ఇలాగే జీర్ణాశయంలో కొంత భాగం కోసి తీశాడనీ, ఆవిడ ఆపరేషన్ తట్టుకున్నా రోగం తిరగబెట్టి కొన్ని నెలలకే పోయిందనీ మా అల్లుడు ఎక్కడో చదివి చెప్పాడు. ఆపరేషన్ ముందురోజు చెప్పనందుకు అతనికి దణ్ణం పెట్టాలి!

కోత నొప్పి కంటే దాహమే చంపేసింది. కుట్టు దగ్గర లీకు లేదని తేలేదాకా నోటికి చుక్క నీళ్లివ్వలేదు. పేగులోకి వేసిన గొట్టంలోంచే ఆహారం. తడిగుడ్డతో పెదాలు అద్దుతుంటే ఆ గుడ్డను కొరికేయాలనిపించేది.

ఇంటికొచ్చాక తిండి పెద్ద పనైంది. ఆకలి వేయదు, గడియారం చూసి తినాలి. గంటగంటన్నరకోసారి కొంచెం ఇడ్లీ, కాస్త పెరుగన్నం. నీళ్లు తిండితో కాదు, అరగంట ఆగి. ప్రసాదమని రెండు చెంచాల పరమాన్నం తిన్నానో లేదో గుండె దడ, ముచ్చెమటలు, ఆ వెంటే విరేచనాలు. తీపి నేరుగా పేగులో పడితే అది ఒంట్లోని నీటిని లోపలికి లాగేస్తుందట. బి12 ఇంజెక్షన్ ఇక జీవితాంతం. ఆ విటమిన్ ఒంటికి పట్టేలా చేసే పదార్థం తయారయ్యేది తీసేసిన ఆ సంచిలోనే.

తీసిన గ్రంథుల్లో కొన్నింటికి రోగం తగిలిందని రిపోర్టు వచ్చింది. అందుకని రెండోసారి కీమో తప్పించుకునే వీల్లేకపోయింది. తినలేని మనిషికి వాంతులు తెప్పించే మందెక్కించడమంటే ఏమిటో పడ్డవాళ్లకే తెలుసు. మోతాదు తగ్గించి ఇచ్చారు. తెల్లకణాలు పడిపోతే ఆఖరి విడత ఇవ్వకుండానే ఆపేశారు. ఇప్పటికైతే స్కాన్‌లో ఏమీ కనపడలేదు.