గాటు కనిపించని కాటు

ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో పాములు ఉండటం సహజం. చుట్టూ తార్నాక, విద్యానగర్, మాణికేశ్వర్‌నగర్ కిక్కిరిసిపోయినా లోపల బండరాళ్లు, తుప్పలు ఇంకా మిగిలే ఉన్నాయి. మెస్‌ల వెనుక పడేసిన అన్నానికి ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. వానలకు బొరియల్లో నీళ్లు నిండితే పొడినేల వెతుక్కుంటూ హాస్టల్ మెట్ల కిందికి, ఇళ్ల ప్రహరీల పక్కకు చేరతాయి. జెర్రిపోతు, నీరుకట్టె వంటి వాటికి విషం లేదు. ప్రాణాపాయం ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరలతోనే. మన దేశంలో వాడే విషవిరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి చేసినదే. కాబట్టి కరిచిన పామును వెతికి చంపి ఆసుపత్రికి తేవాల్సిన పని లేదు. ఆ ప్రయత్నంలో ఇంకొకరు కాటు తినే ప్రమాదం ఉంది.

వైద్యుణ్ణి ఎక్కువగా ఏమార్చేది కట్లపాము. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది. భవనాల పనికి వచ్చిన కూలీ గుడిసెలో పడుకుంటాడు. గది వేడికి తాళలేని విద్యార్థి వరండాలో చాప వేసుకుంటాడు. తెల్లవారుజామున కడుపునొప్పితో, వాంతులతో లేస్తే, తిన్నది పడలేదనుకుని గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెడతారు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు, ఊపిరి అందదు. కోరలు చిన్నవి కాబట్టి ఒళ్లంతా వెతికినా గాటు దొరకకపోవచ్చు. నొప్పి, వాపు దాదాపు ఉండవు. నేల మీద పడుకుని లేచిన మనిషికి కడుపునొప్పితో పాటు రెప్పలు వాలుతుంటే, పామును ఎవరూ చూడకపోయినా ముందు కట్లపామునే అనుమానించాలి.

ఈ విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ తగిలాక విషవిరుగుడు మందు దాన్ని సరిచేయలేదు; నరాలు కోలుకునేదాకా వెంటిలేటరే రోగిని కాపాడాలి. అందుకు రోజులు పట్టవచ్చు. కళ్లు తెరవలేక, వేలైనా కదపలేక పడి ఉన్న ఆ మనిషికి చాలాసార్లు స్పృహ ఉంటుంది, మాటలు వినిపిస్తుంటాయి. అతని మంచం పక్కన నిలబడి ఇక లాభం లేదని అనడం క్రూరం. సకాలంలో ఊపిరి అందిస్తే ఇలాంటివారు పూర్తిగా కోలుకుని ఇంటికి నడిచి వెళ్తారు.

పింజరల దారి వేరు. కాటు చోట వాపు, నొప్పి మొదలై రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. రక్తపింజర కాటుకు మూత్రపిండాలూ దెబ్బతింటాయి. రక్తం గడ్డకట్టకపోవడాన్ని పసిగట్టే పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూస్తే చాలు.

తాడు బిగించడం, గాటు కోయడం, నోటితో పీల్చడం హాని చేస్తాయి. పసరు, మంత్రం కాలాన్ని తినేస్తాయి. విషపు పాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కదు. మంత్రానికి పేరు వచ్చింది అలాంటి కాట్లతోనే. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో విరిగిన ఎముకను చూసుకున్నట్టు కదలకుండా ఉంచి, నడిపించకుండా 108 అంబులెన్సులో ఆసుపత్రికి తరలించాలి. తార్నాక నుంచి గాంధీ ఆసుపత్రి కొద్ది కిలోమీటర్లే. లక్షణాలు లేకపోయినా 24 గంటలు అక్కడే గమనింపులో ఉండాలి.

మంచం, పరుపు కిందికి మడిచిన దోమతెర, రాత్రి నడకకు టార్చి, కాళ్లకు బూట్లు: చాలా కాట్లను ఇవే ఆపుతాయి. గదిలో పాము కనిపిస్తే కర్ర పట్టకుండా తలుపు మూసి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి శిక్షణ పొందినవారిని పిలవాలి. విద్యార్థులకు ఇదంతా చెప్పేవారుంటారు. వారి హాస్టళ్లు కట్టే కూలీలకు చెప్పేవారు తక్కువ. పని ఇచ్చే కాంట్రాక్టర్లు గుడిసెకో దీపం, మనిషికో మంచం, దోమతెర ఇచ్చి తీరాలి.