తెర పడిన తరువాత

కళ ఎవరి కోసమన్న ప్రశ్నకు పండితులు అనేక విధాలుగా సమాధానాలు చెప్పారు. ఆ వాదోపవాదాలలో పాలుపంచుకొనే పాండిత్యం మాకు లేదు. పగలు కర్మాగారంలోనో, కార్యాలయంలోనో విధులు నిర్వర్తించి, సాయంత్రం టౌన్‌షిప్ కమ్యూనిటీ హాలులో కుర్చీలు వేసి, మైకు సరిచూసే సాంస్కృతిక సంఘ సభ్యులం మేము. ఒక కచేరీయో, నాటికయో, చిన్నారుల చిత్రకళా ప్రదర్శనో ఏర్పాటు చేసి, వచ్చిన సొమ్మును ఒక సత్కార్యానికి వినియోగించాలని మనవంటి సంస్థలలో తలపెట్టడం కొత్త కాదు. ఆ సత్సంకల్పం ఎక్కడ ఫలిస్తుందో, ఎక్కడ చేజారుతుందో పాఠక మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సంప్రదాయానికి మన దేశంలో మహనీయులైన పూర్వులున్నారు. 1936లో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ 74 ఏళ్ల వయస్సులో, విశ్వభారతికి నిధులు సమకూర్చేందుకు ‘చిత్రాంగద’ నృత్యనాటక బృందాన్ని వెంటబెట్టుకొని ఉత్తర భారత నగరాలలో పర్యటించారు. ఢిల్లీలో ఆ విషయం తెలిసిన గాంధీజీ కలత చెంది, దాతల ద్వారా 60,000 రూపాయలు సమకూర్చి, ఆ వృద్ధ కవికి మిగిలిన ప్రయాణ భారాన్ని తప్పించారు. కళ నిధిని తేగలదనడానికి ఈ ఉదంతం నిదర్శనం. ఆ నిధి కోసం కళాకారుడు ఎంత మూల్యం చెల్లిస్తున్నాడో గమనించే మనిషి ఒకరు పక్కన ఉండాలని కూడా ఇది బోధిస్తున్నది.

శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1944లో కస్తూర్బా స్మారక నిధి కోసం ఐదు కచేరీలు చేశారు. అది మొదలు ఎన్నో సేవాసంస్థలకు ఆమె గానం ఆధారమైంది. తెల్లవారుజామున మన ఇళ్లలో వినిపించే శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం రికార్డుపై రాయల్టీని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానం వారి వేద పాఠశాలకు సమర్పించారు. 1974లో ఆమెకు లభించిన రామన్ మెగసెసే పురస్కారం ప్రజాసేవ విభాగంలోనిది కావడం గమనార్హం.

తెలుగునాట ఈ స్ఫూర్తి మరింత సూటిగా వీధుల్లోకి వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నప్పుడు, ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు సహనటులతో కలిసి జోలె పట్టి విరాళాలు సేకరించారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖను అతలాకుతలం చేసిన తరువాత, చలనచిత్ర పరిశ్రమ ‘మేము సైతం’ పేరిట కార్యక్రమాన్ని నిర్వహించింది. ‘బెనిఫిట్ షో’ అనే మాట కూడా ఒక ప్రయోజనం కోసం వేసే ఆటగానే మనకు పరిచయమైంది. నేడు అది అభిమానులు ఎక్కువ ధర చెల్లించి చూసే తొలి ఆటకు పేరుగా మిగిలింది. మాట నిలిచింది, ప్రయోజనం జారిపోయింది.

అయితే మన టౌన్‌షిప్ వేదికలకు అగ్రతారలు రారు. వచ్చేవారు చుట్టుపక్కల గ్రామాల బుర్రకథ దళాలు, హరిదాసులు, తప్పెటగుళ్ల బృందాలు, నాదస్వర విద్వాంసులు. వారిలో చాలామందికి ఆ రాత్రి ప్రదర్శనే మరునాటి బియ్యం. “ధర్మకార్యం కదా, ఉచితంగా ఆడండి” అని మనం సులభంగా అడుగుతాం. మైకు అద్దెకిచ్చే వారిని అలా అడగం. షామియానా వేసేవారిని అడగం. అడిగేది కళాకారుడినే. కాదంటే ధర్మద్వేషి అనిపించుకుంటానేమోనని అతడు తల ఊపుతాడు. ఒక పేదవాని కూలి మినహాయించి మరొక పేదవానికి ఇవ్వడాన్ని దానం అనలేము. స్తోమత గల విద్వాంసుడు తానుగా పారితోషికం వదులుకుంటే అది ఆయన ఔదార్యం. దానిని అందరిపై నియమంగా విధించడం న్యాయం కాదు. అందుకే స్థానిక కళాకారులకు పారితోషికం ముందుగా నిర్ణయించి, ప్రదర్శన ముగిసిన రాత్రే చేతికివ్వాలని మా అభిప్రాయం.

మరి నిధికి మిగిలేదెలా? ఒక లెక్క ఊహించి చూద్దాం. 500 మంది 100 రూపాయల చొప్పున టిక్కెట్టు కొంటే 50,000 రూపాయలు వస్తాయి. కళాకారులకు 15,000, మైకు, దీపాలకు 12,000, వేదిక అలంకరణకు 8,000, శాలువలు, పూలమాలలు, జ్ఞాపికలకు 6,000, అతిథుల విందుకు 4,000 అనుకుంటే, మిగిలేది 5,000 మాత్రమే. శాలువలను, విందును విరమిస్తే అది 15,000 అవుతుంది. అలంకరణను మన మహిళా మండలి సభ్యులు, పిల్లలు స్వయంగా చేపడితే 23,000 అవుతుంది. కళాకారుని పారితోషికంలో ఒక్క రూపాయి తగ్గించకుండానే మిగులు నాలుగు రెట్లు దాటింది. ముఖ్య అతిథి మెడలో మరో శాలువ పడనంత మాత్రాన గౌరవ లోపం కలుగదు.

లెక్కలు ముందుగా చూసుకోకుంటే మహా సంకల్పాలు సైతం చిక్కుల్లో పడతాయి. 1971 ఆగస్టు 1న పండిత్ రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రెండు కచేరీలు నిర్వహించారు. టిక్కెట్ల ద్వారా వచ్చిన 2,43,418 డాలర్లు యునిసెఫ్‌కు త్వరగానే చేరాయి. కానీ పన్ను మినహాయింపు ఏర్పాట్లు ముందే చేసుకోనందువల్ల, రికార్డులపై, చలనచిత్రంపై వచ్చిన ఆదాయంలో అధిక భాగం ఏళ్ల తరబడి నిలిచిపోయింది. సంగీతంలో లోపం లేదు. సదుద్దేశంలో లోపం లేదు. కాగితాల పని వెనుకబడింది, అంతే. లెక్కలు, రసీదులు, అనుమతులు మన ఉద్యోగ జీవితంలో నిత్యకృత్యాలే కనుక, ఈ విషయంలో మనం సాధారణ నిర్వాహకుల కంటే మిన్నగా ఉండగలం.

సంస్థే ఖర్చు భరిస్తే సరిపోదా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. 2013 కంపెనీల చట్టం సామాజిక బాధ్యత నిధులకు మార్గం చూపింది. అయితే ఒక్కసారి జరిపి ముగించే ఉత్సవాల వంటివి ఆ ఖాతాలోకి రావని 2014 జూన్‌లోనే ప్రభుత్వం వివరణ ఇచ్చింది. సంస్థ చేసే సేవ సంస్థదే. మన టిక్కెట్టు వల్ల జరిగే సేవ మాత్రం మన జీతంలోంచి, మన ఇంటి ఖర్చులోంచి వచ్చినది. ఆ తృప్తి వేరు.

మరొక మాట. సహాయం పొందే అనాథ బాలలను, వికలాంగులను వేదికపైకి పిలిచి, చప్పట్ల నడుమ, ఛాయాచిత్రాల కోసం చెక్కు అందుకోమనడం ఎంతోకాలంగా ఆచారమైంది. ఆ బాలుడే మరునాడు మన పిల్లల పక్కన బడిలో కూర్చుంటాడన్న సంగతి మరువరాదు. సొమ్మును నేరుగా సంస్థ ఖాతాకు పంపి, ఆ బాలలకు ముందు వరుసలో ప్రేక్షకులుగా చోటు ఇవ్వడం మేలు. కళ వారి కోసం కూడా కదా! వారిలో బొమ్మలు గీసేవారుంటే, ఆ బొమ్మలు మన పిల్లల బొమ్మల పక్కనే, అదే ధరకు అమ్ముడుపోనివ్వండి.

ఇక సహోద్యోగులకు మా విన్నపం ఇది. ఈసారి మన సంఘం ప్రదర్శన తలపెట్టినప్పుడు, ఏ అవసరానికి ఎంత సొమ్ము కావాలో కరపత్రంలోనే ప్రకటించమని అడగండి. తెర పడిన వారం లోపల వచ్చినదెంత, ఖర్చయినదెంత, చేరినదెంత అన్న మూడు అంకెలను నోటీసు బోర్డుపై చూపమని పట్టుబట్టండి. నిర్వాహకులుగా మేము నొచ్చుకోము. అడిగేవారుంటేనే పని సక్రమంగా సాగుతుందని మన వృత్తి మనకు నేర్పింది. ఆ మూడు అంకెలు సరిగా ఉన్ననాడు, మరుసటి ప్రదర్శనకు టిక్కెట్టు కొనమని మీ ఇంటి తలుపు తట్టడానికి మాకు సంకోచం ఉండదు.