పలచబడిన పప్పు

మాగడి రోడ్డు పక్క సందులో ఉన్న మన తెలుగు మెస్సు గురించి రాస్తున్నా. పేరు రాయను. పాతవాళ్లకు పేరు అక్కర్లేదు, కొత్తవాళ్లకు తెలిస్తే ఆ కుటుంబానికి మంచిది కాదు. పెళ్లికాని మగపిల్లలూ, ఊళ్లో పెండ్లాంబిడ్డల్ని వదిలొచ్చినవాళ్లూ ఎంతమంది ఆ ఆకుల ముందు కూర్చుని ఈ బెంగళూరులో నిలదొక్కుకున్నారో లెక్కలేదు. పోయిన నెల చాలా ఏళ్ల తర్వాత అక్కడ మధ్యాహ్నం భోంచేశా. బాగాలేదు. బాగాలేదని మాత్రమే అయితే ఇంట్లో చెప్పుకుని ఊరుకునేవాణ్ని.

మా నాయన చిత్తూరు జిల్లా నుంచి వచ్చి బిన్నీ మిల్లులో చేరినాడు. 1884లో మొదలైన మిల్లు అది. ఉన్ని, నూలు, పట్టు మూడూ ఉండేవి. ఇప్పుడు ఆ జాగాలో అపార్టుమెంట్లు, మాలూ లేచినాయి. మల్లేశ్వరం రాజా మిల్లు జాగాలో కూడా మాలే కదా, మెట్రో స్టేషనుకు సైతం మాలు పేరే పెట్టినారు. మిల్లు నడిచిన రోజుల్లో రెండో షిఫ్టు వదిలాక కూడా మెస్సులో పొయ్యి ఆరేది కాదు. అకౌంటు పుస్తకంలో పేరు రాసేవాళ్లు కాదు, టోకెన్ నంబరు రాసేవాళ్లు. జీతాల రోజు కట్టేది. మిల్లు మూతబడిన నెలల్లో కట్టడం ఆగింది గానీ అన్నం ఆగలేదు. అప్పటి ఓనరు పెద్దాయన ఎవర్నీ బాకీ అడగలేదని మా నాయన చివరిదాకా చెప్పేవాడు.

ఆ భోజనం ఎట్లుండేదంటే, ఆకు కడిగేలోపే ఉప్పూ ఊరగాయా పడేవి. తర్వాత వేడన్నం, దానిమీద కందిపొడి, నూనె. నెయ్యి అడగకుండానే ఒక చుక్క. పప్పు గోంగూరో పాలకూరో, గరిటె నిలబడేంత గట్టిగా. చారులో మిరియాల ఘాటు ముక్కుకెక్కేది. వడ్డించేవాడు మన మొహం చూడడు, ఆకు చూస్తాడు. ఆకులో ఖాళీ కనిపిస్తే చెయ్యి అడ్డం పెట్టేలోపే అన్నం పడిపోయేది. పండగరోజు పాయసం.

ఇప్పుడు ఆకు లేదు, స్టీలు తట్టమీద ఆకు మాదిరి కత్తిరించిన కాగితం. పొడిలో కందిపప్పు వాసనే లేదు, అంతా పుట్నాలు. పప్పు పోస్తే అన్నం మధ్యలో నిలవలేదు, తట్ట అంచుదాకా పారి పొరియలును తడిపింది. పెరుగని పోసింది మజ్జిగ. సాంబారు మాత్రం నిజంగా బాగుంది, అది కూడా చెప్పాలి. అన్నం ఎంతైనా వేస్తారు, బోర్డు మీద ఇంకా 'అన్‌లిమిటెడ్' అనే ఉంది. రేటు తొంభై.

నా పక్కన కూర్చున్నది మా నాయన దోస్తు, స్పిన్నింగులో చేసిన మామ. ఒంటి మనిషి. రోజుకు ఒక పూట అక్కడే.

"పప్పు ఎట్లుంది మామా?" అన్నా.

"పప్పేముందిరా, పేరుకుంది" అని, దాన్లోనే చారు కలుపుకుని తినేశాడు.

నన్ను నొప్పించింది అదీ. నాకు అది ఒక్కరోజు భోజనం. ఆయనకు రోజులో పడే పప్పు అంతే. ఆ వయసులో మనిషి కాళ్లలో సత్తువ ఆ గరిటెలో నుంచే రావాల. ఈపీఎఫ్ పింఛను మన పాత మిల్లువాళ్లలో చాలామందికి ఎంతొస్తుందో అందరికీ తెలుసు. 2014 సెప్టెంబరులో కనీసం వెయ్యి అన్నారు. వెయ్యిని తొంభైతో భాగించండి. పదకొండు భోజనాలు. మిగతా రోజులకు తమ్ముడి కొడుకు పంపే డబ్బులు.

ఇందిరా క్యాంటీనుకు పోవచ్చు కదా మామా అన్నా. 2017 ఆగస్టులో తెరిచినప్పుడు టిఫిను ఐదు, భోజనం పది రూపాయలు పెట్టినారు. మన ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు కూడా 2024లో మళ్లీ తెరుచుకున్నాయి, ఐదు రూపాయలే. "రాత్రిపూట పోతానే ఉంటా, దానికేం సిగ్గు? కానీ ఇక్కడ నన్ను నంబరుతో పిలిచేవాడు ఒకడున్నాడు" అన్నాడు మామ. నిజమే, వడ్డించే ముసలాయన ఆయన్ని ఇప్పటికీ టోకెన్ నంబరుతోనే పిలుస్తాడు.

డబ్బులిచ్చేటప్పుడు గల్లా దగ్గర పెద్దాయన కొడుకును నెమ్మదిగా అడిగినా. అబ్బోడు కోప్పడలేదు. క్యాంటీన్లకు సర్కారు డబ్బు కలుపుతుంది, మాకెవరు కలుపుతారన్నా అన్నాడు. 2015లో కందిపప్పు కిలో రెండొందల దగ్గరికి పోయినప్పుడు మొదటిసారి నీళ్లు కలిపినాడంట. ధర దిగినాక మళ్లీ గట్టిగా చేయాలనుకుంటే అప్పటికి బాడుగ పెరిగింది, తర్వాత సిలిండరు. నీళ్లు అట్లే ఉండిపోయినాయి.

"రేటు నూటిరవై చేస్తే పాత పప్పే పెడతా. ఆఫీసు పిల్లోళ్లు మారుమాట లేకుండా ఇస్తారు. ఈ పది పదిహేను మంది పెద్దోళ్లు ఏం చేస్తారన్నా?"

ఎమర్జెన్సీలో హోటళ్ల రేట్లకు సర్కారు కట్టడి పెట్టినప్పుడు లాల్‌బాగ్ రోడ్డు ఎం.టి.ఆర్. వాళ్లు సరుకు తగ్గించడం ఇష్టంలేక హోటలే కొన్నేళ్లు మూసుకున్నారు. ఊరంతా దాన్ని మెచ్చుకుంటుంది, నేనూ మెచ్చుకుంటా. కానీ వాళ్లకు పొడులూ పిండ్లూ ప్యాకెట్లలో అమ్ముకునే దారి దొరికింది. ఈ మెస్సు మూస్తే మామకు దొరికే దారేది?

అయినా నీళ్ల పప్పు సరైన దారి అని నేను అనను. నష్టం పప్పులో లేదు, ఆ 'అన్‌లిమిటెడ్'లో ఉంది. మా పక్క బెంచీ కుర్రాళ్లు కొండలా అన్నం పెట్టించుకుని సగం తట్టలోనే వదిలేసి పోయినారు. మామ తినేది రెండు గరిటెల అన్నం. అన్నానికి లెక్క పెట్టు, అదే తొంభైకి గట్టి పప్పు రెండుసార్లు వెయ్యి, ఇంకా కావాలన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకో అని చెప్పినా.

"ఆ బోర్డు మా నాయన రాయించింది అన్నా" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "పెద్దోళ్లు ఒప్పుకుంటే చూస్తా" అన్నాడు.

ఆ పుస్తకంలో మీ నంబరో, మీ నాయన నంబరో ఉంటే ఒకసారి పోయి రండి. మధ్యాహ్నం ఒంటిగంటకు పోతే రద్దీ, రెండు దాటినాక పోండి. అబ్బోడు అప్పుడు గల్లా దగ్గరే ఉంటాడు. పప్పు సంగతి నాకు కాదు, వాడికి చెప్పండి.