మీకు పక్షులు కొత్తా?

పోస్టు కాస్త పెద్దదే. బస్సులోనో, మెస్ లైన్లోనో తీరిగ్గా చదువుకోండి.

మేము ముగ్గురం. కాకినాడలో ఒక హాస్టల్లో ఒకటే గది. ఒకడిది మారేడుమిల్లి పైన కొండరెడ్ల ఊరు. ఒకడిది చింతూరు వైపు కోయ గూడెం. ఇంకొకడిది దేవీపట్నం మండలంలో గోదావరి గట్టు మీద ఊరు, అంటే ఉండేది. ఇప్పుడు వాళ్ళు ముంపు కాలనీలో ఉంటున్నారు. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ కాలేజీ మెట్టు ఎక్కింది మేమే మొదలు. ఇందులో ఏ మాట ఎవరిదో మాకే తెలీదు, అందుకని అంతా 'మేము' అనే రాస్తున్నాం.

రెండేళ్ళ నుంచి మేము పిట్టల్ని చూస్తున్నాం, చూసి రాసుకుంటున్నాం. దీన్ని ఇంగ్లీషులో బర్డ్ వాచింగ్ అంటారు. ఈ పేరు చెప్తే మనోళ్ళు నవ్వుతారు, బయటోళ్ళూ నవ్వుతారు. మా అమ్మమ్మ అయితే, "చూసి ఏం చేస్తార్రా? వండుకోరు గదా" అంది. ఆ నవ్వుల గురించి తర్వాత చెప్తాం.

మొదటి ఏడాది అక్టోబర్లో ఒక పొద్దున్న మా అంతస్తు బాత్రూముల దగ్గర గోడ మూల ఒక పిట్ట ముడుచుకుని కూర్చుంది. తోక ఉందా లేదా అన్నట్టుంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద నీలం మెరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు. బ్రష్షులు నోట్లో పెట్టుకుని ఇరవై మంది చుట్టూ చేరారు. ఒకడు నీళ్ళు పొయ్యమన్నాడు, ఒకడు అన్నం పెట్టమన్నాడు. మాలో ఒకడు ఏమీ మాట్లాడకుండా చెప్పుల అట్టపెట్టె తెచ్చి, దానికి చిల్లులు పొడిచి, పిట్టని అందులో పెట్టి మూసి, మంచం కింద చీకట్లో దాచాడు. కోడిపిల్ల బెదిరితే ఇంట్లో చేసేది అదే గదా. సాయంత్రం మేడ మీదకి తీసుకెళ్ళి మూత తీస్తే ఒక్క నిమిషం కూర్చుని ఎగిరిపోయింది.

మర్నాడు జువాలజీ మేడంని అడిగితే అది పొన్నంకి పిట్ట అని చెప్పారు. హిందీలో నవరంగ్ అంటారట. ఎండాకాలం చివర మధ్య భారతం అడవుల్లో, హిమాలయాల అడుగున గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి, సిలోను దాకా వస్తుంది. రాత్రిళ్ళు ఎగురుతుంది. అలిసిపోయి టౌన్లలో ఇళ్ళల్లో, వరండాల్లో పడిపోవడం దీనికి మామూలే. మేడం ఇంకో మాట కూడా చెప్పారు. ఈ జాతికి ప్రపంచమంతా శాస్త్రవేత్తలు వాడే పేరు 'పిట్టా'. అది మన తెలుగు పిట్టే. లండన్లో అయినా జపాన్లో అయినా పుస్తకం తెరిస్తే అదే మాట! సెమిస్టర్ పరీక్షలో ఇంగ్లీషు వాక్యం రాయడానికి చెమటలు పట్టే మాకు ఆ రోజు గుండె ఎంత పొంగిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పటి నుంచి హాస్టలే మాకు అడవి. వెనక ఒక వేపచెట్టు, నీళ్ళ ట్యాంకు, మెస్ గిన్నెలు తోమే గచ్చు, కరెంటు తీగలు, అంతే. ఇందులో ఏముంటాయి అనుకున్నాం. ఒక ఏడాదిలో 38 రకాలు రాశాం. మిట్టమధ్యాహ్నం ఎక్కడో రాగి బిందె మీద సుత్తితో కొడుతున్నట్టు టుక్, టుక్, టుక్ మని వినిపిస్తుందే, అది కంసాలిపిట్ట. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఆకుపచ్చ ఒళ్ళు, నుదుట ఎర్రబొట్టు. చప్పుడు మాత్రం మూడు వీధులకి వినపడుతుంది. మెస్ గచ్చు గోరింకలది, వాటి పెత్తనం ముందు కాకి కూడా తగ్గే ఉంటుంది.

తీగ మీద కూర్చునే నల్లటి చీలిక తోక పిట్ట మాకు అన్నిటికంటే ఇష్టం. మన ఊళ్ళల్లో పశువుల వీపు మీద కూర్చుని పురుగులు పట్టుకుంటుంది చూడండి, పసులపోలిగాడు, అదే. పిడికెడంత ఉంటుంది గానీ గద్ద ఆ చుట్టుపక్కలకి వస్తే వెంటపడి వీపు మీద పొడుస్తుంది. అందుకే చిన్న చిన్న పిట్టలు దాని గూడు ఉన్న చెట్టు మీదే వెతుక్కుని మరీ గూడు కట్టుకుంటాయి. మా హాస్టల్లో సీనియర్ల గదుల పక్కన జూనియర్లు గది తీసుకోవడం లాంటిదే, కాకపోతే ఈ సీనియర్ బట్టలు ఉతకమనడు.

సామాను గురించి చాలామంది అడుగుతారు. మా దగ్గర ఉన్నది మేడం ఇచ్చిన పాత బైనాక్యులర్ ఒక్కటి. దాని మీద 8, 42 అని ఉంటుంది. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ముగ్గురం వంతులవారీగా చూస్తాం. ఫోన్లో మెర్లిన్ అని ఒక యాప్ ఉంది, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళది, డబ్బు కట్టక్కర్లేదు. అరుపు వినిపిస్తే పిట్ట పేరు చెప్తుంది. వైఫై ఉన్నచోట మన దేశం పిట్టల ప్యాక్ ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. మన ఏజెన్సీకి కావాల్సింది అదే గదా. చూసినవి వాళ్ళదే ఈబర్డ్ అనే దాంట్లో ఎక్కిస్తే ఆ చోటు, ఆ తేదీ పేరుతో ఉండిపోతాయి.

కాకినాడ నుంచి యానాం రోడ్డులో బస్సెక్కితే కోరింగ అభయారణ్యం దగ్గరే. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్లు, అంతా మడ అడవి. చొల్లంగి దగ్గర దిగి చెక్కల వంతెన మీద నడుస్తూ చూడొచ్చు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే చెట్లు, నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఆటు మొదలయ్యాక వెళ్ళాలి. నీళ్ళు తీసేసిన బురదలో పీతలు, చేపలు బయటపడతాయి, వాటి కోసం ఉల్లంకులు, కొంగలు, లకుముకిపిట్టలు దిగుతాయి. నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే లకుముకిపిట్ట ఒకటుంది. కొండ మీద పుట్టిన మాకు అది కొత్త.

జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది. ఈసారి మేడంతో కలిసి మేమూ ఒడ్డుకి వెళ్ళాం. ఇసుక మేట మీద వందలకొద్దీ చిన్న పిట్టలు, ఒక్క క్షణం ఉన్నచోట ఉండవు. టౌన్ నుంచి వచ్చిన స్టూడెంట్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మళ్ళీ మొదటికొస్తున్నారు. చింతూరోడు మాత్రం నిదానంగా పదేసి గుంపులుగా కట్టుకుంటూ పోయాడు. ఎక్కడ నేర్చుకున్నావని మేడం అడిగితే, "మేకల్ని దొడ్లోకి తోలేటప్పుడు ఇలాగే లెక్కెడతాం మేడం" అన్నాడు. ఆ ఒడ్డున వాడి లెక్కే తీసుకున్నారు. ఆ రోజే దూరంగా నీళ్ళ మీద కత్తితో గీసినట్టు ఎగిరే పిట్టలు ఐదు చూశాం. నారింజ రంగు ముక్కు, కింది దవడ పైదానికంటే పొడుగు. ఇంగ్లీషులో ఇండియన్ స్కిమ్మర్. చంబల్ లాంటి నదుల ఇసుక దిబ్బల మీద గుడ్లు పెడతాయి. ప్రపంచంలోనే తక్కువ మిగిలినవి, చలికాలం మన గోదావరి సముద్రంలో కలిసే చోటికి వస్తాయి.

ఇక నవ్వుల సంగతి.

సంక్రాంతి సెలవుల్లో ముగ్గురం మారేడుమిల్లి వైపు వెళ్ళాం. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర మా బండి ఆపారు. మా ముందు రెండు కార్లు వెళ్ళాయి, కిటికీలోంచి మూరెడేసి కెమెరాలు కనిపిస్తున్నాయి. వాళ్ళకి దండం పెట్టి గేటెత్తారు. మా సంచి విప్పారు. బైనాక్యులర్ బయటికి తీసి, "ఇదెక్కడ కొట్టుకొచ్చార్రా?" అన్నాడు అక్కడున్నాయన. ఉండేలు ఉందేమోనని సంచి అడుగు దాకా వెతికాడు. కాలేజీ ఐడీ కార్డులు చూపించాం. పిట్టలు చూడ్డానికి వచ్చాం సార్ అన్నాం. ఆయన నవ్వి, "మీకు పక్షులు కొత్తా?" అన్నాడు. ఆ అడవికి అవతలే మా ఊరు.

మీతో ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మన ఊళ్ళల్లో మగపిల్లాడి చేతికి పుస్తకం కంటే ముందు ఉండేలు వస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందీ లేదు, మీసం తిప్పాల్సిందీ లేదు. కాలం మారింది, చట్టం ఉంది, పిట్టలూ తగ్గాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం చిలకని పంజరంలో పెట్టడం కూడా నేరమంటుంది. 2018లో మన రాష్ట్రం పాలపిట్టని తీసేసి అదే రామచిలుకని రాష్ట్ర పక్షి చేసింది. టౌన్లో జాతకాలు చెప్పే చిలక పంజరంలోనే కనిపిస్తూ ఉంటుంది. సంచి విప్పేది మాత్రం మనదే.

కలివికోడి కథ ఎంతమందికి తెలుసు? కడప జిల్లా లంకమల అడవుల్లో ఉండే పిట్ట, రాత్రిపూట తిరుగుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందని రాసేశారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే పరిశోధకుడు వచ్చి దాన్ని వెతకడం మొదలుపెట్టాడు. 1986 జనవరిలో ఒక రాత్రి టార్చి వెలుగులో దాన్ని గుర్తుపట్టి పట్టుకున్నది ఐతన్న అనే అక్కడి వేటగాడు. 86 ఏళ్ళు శాస్త్రానికి అందని పిట్ట, అడవిలో తిరిగేవాడి కంటికి దొరికింది. ఆ పిట్ట కోసమే తర్వాత లంకమల అభయారణ్యం అయింది. చెక్‌పోస్టు దగ్గర మాకు ఈ కథ నోటికి రాలేదు. వచ్చినా అక్కడ వినేవాళ్ళు లేరు.

ఆ సెలవుల్లో ఒక పొద్దున్న, ఐదింటికి, ఫోన్లో యాప్ పెట్టుకుని మారేడుమిల్లోడి తాత మంచం పక్కన కూర్చున్నాం. తాతకి చూపు పోయి నాలుగేళ్ళయింది. గంటలో యాప్ 14 పిట్టలు చెప్పింది. తాత 19 చెప్పాడు. అవతలి లోయలో కూసిన అడవికోడి యాప్‌కి వినపడనే లేదు. మన అడవిలోది ఎర్ర అడవికోడి, ఇళ్ళల్లో పెంచే కోళ్ళన్నీ దాని సంతతే. దక్షిణాన నల్లమల వైపుది బూడిదరంగు అడవికోడి. రెండింటికీ సుమారుగా మన గోదావరి ప్రాంతమే సరిహద్దు. తాతకి ఇవేవీ తెలీవు, అది ఏ చెట్టు మీంచి కూసిందో తెలుసు. తీతువుపిట్ట అరిస్తే చావు కబురని కింద ఊళ్ళల్లో భయపడతారా, తాత లెక్క వేరు. "నేల మీద గుడ్లెడతది గదా. ఎవరో అటు నడుస్తున్నారు, అంతే" అంటాడు.

ముక్కు మీద కొమ్ములాంటిది ఉండే పెద్ద పిట్ట గురించి కూడా తాతే చెప్పాడు. పుస్తకాల్లో హార్న్‌బిల్. మర్రిపళ్ళకీ, రావిపళ్ళకీ వస్తుంది. ఆడది పెద్ద చెట్టు తొర్రలో దూరి, చిన్న సందు మాత్రం వదిలి లోపల్నించి మూసేసుకుంటుంది. గుడ్లు పెట్టి పొదిగినన్నాళ్ళూ మగదే ఆ సందులోంచి తిండి అందించాలి. పోడుకి చెట్లు కొట్టిన ఏడు కూడా తాత ఒక తొర్రచెట్టుకి గొడ్డలి తగలనివ్వలేదట. "మగదాన్ని కొడితే లోపల ఎన్ని ప్రాణాలు పోతాయో కొట్టినోడికి కనపడదు గదరా" అన్నాడు. 2008లో పాపికొండల్ని నేషనల్ పార్కు చేయకముందు నుంచే ఆ చెట్టుకి తాతే కాపలా.

దేవీపట్నం మిత్రుడి కథ వేరు. వాళ్ళ కాలనీలో ఇళ్ళు వరసగా ఉన్నాయి, చెట్లు లేవు. మొదట వాడు రాసిన లిస్టులో 11 రకాలు, కాకులు, పావురాలు, గోరింకలు, పిచ్చుకలు అలా. పాత ఊళ్ళో అయితే ఇసుక తిన్నెలు, రేవు, వెనక కొండ. వాళ్ళ నాన్నమ్మకి తెల్లారుజామునే మెలకువ వస్తుంది. ఏ చప్పుడూ ఉండదని బాధపడుతుంటే వీడు సంతోషపెడదామని ఫోన్లో అడవికోడి కూత పెట్టాడు. ఆమె రెండుసార్లు విని, "ఆపెయ్యరా. అది కూస్తే అవతలి కొండ మీద ఇంకోటి పలకాలి. ఇక్కడ దానికి పలికేది ఏదిరా?" అంది. ఆ రాత్రి ఫోన్లో ఈ మాట మాకు చెప్తుంటే వాడి గొంతు బాగోలేదు.

తర్వాత వాడు ఇంటి ముందు మునగ కొమ్మ ఒకటి పాతాడు, పక్కింటోళ్ళు ఇంకోటి పాతారు. మునగ పూతకి తేనెపిట్టలు వచ్చాయి. నాన్నమ్మ మనవరాలి ఫోన్ తీసుకుని వీడికి చేసి మరీ చెప్పింది, "నీలంగా మెరిసేది వచ్చిందిరా, రాసుకో" అని. ఆ కాలనీ లిస్టు ఇప్పుడు 23. అందులో సగం ఆమె చెప్పినవే.

ప్రతి ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కపెడతారు. కాలేజీల్లో క్యాంపస్ లెక్క కూడా అప్పుడే. ఒక్కచోట 15 నిమిషాలు కూర్చుంటే చాలు. హాస్టల్ మేడ, పశువుల పాక, ముంపు కాలనీ, ఏదైనా పర్వాలేదు. గూళ్ళ జోలికి వెళ్ళొద్దు, అరుదైన పిట్ట గూడు ఎక్కడుందో ఎక్కడా రాయొద్దు.

ఈలోగా మీ ఊళ్ళో పెద్దోళ్ళని కూర్చోబెట్టి పిట్టల పేర్లు అడగండి. కోయలో, గోండిలో, కువిలో, సవరలో, లంబాడీలో, ఏ భాషలో అయినా సరే. వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి, ఊరి పేరుతో మాకు పంపండి. మేమిప్పటికి 64 పేర్లు కూర్చాం, నోట్‌బుక్కులో మూడు కాలమ్‌లు గీసి రాస్తున్నాం. ముందుగా కావాల్సింది ఆ ముక్కు మీద కొమ్మున్న పెద్ద పిట్ట పేరు. మీ దగ్గర దాన్ని ఏమంటారు?