44 బస్సుల మొండి పట్టు

మాజ్డా అనగానే కార్ల పిచ్చోళ్లకి ఆర్ఎక్స్-7 గుర్తొస్తుంది. నాకు మాత్రం ఓ మినీబస్సు. పేరు పార్క్‌వే రోటరీ 26. ఆ 26 అంటే సీట్ల లెక్క.

1920లో హిరోషిమాలో కార్క్ తయారీతో మొదలైన కంపెనీ ఇది. 1931లో మూడు చక్రాల ట్రక్కు చేసింది. 1967లో రోటరీ ఇంజిన్‌తో కాస్మో స్పోర్ట్ కారు తెచ్చింది. ఈ ఇంజిన్‌లో పిస్టన్లు ఉండవు. త్రికోణం లాంటి రోటర్ గిర్రున తిరుగుతుంది. కుదుపు తక్కువే గానీ, పెట్రోల్ మాత్రం గటగటా తాగేస్తుంది.

అలాంటిదాన్ని 1974లో బస్సుకి బిగించారు! ఏసీ కోసం విడిగా ఇంకో చిన్న ఇంజిన్. 1973 చమురు సంక్షోభంతో అప్పటికే పెట్రోల్ ధర మండిపోతోంది. ఇక ఎవరు కొంటారు? 44 బస్సులతో కథ ముగిసింది.

అయినా రోటరీని వదల్లేదు. 1991లో దాంతోనే లె మాన్స్ 24 గంటల రేసు గెలిచారు. జపాన్ కంపెనీకి అక్కడ అదే తొలి విజయం.

ఆ 44లో ఒకదాన్ని హిరోషిమాలోని తమ మ్యూజియంలో పెట్టుకున్నారు. గెలిచిన కారుతో పాటు అమ్ముడుపోని బస్సునీ చూపించడం... నాకు బాగా నచ్చింది అదే.