పొరలను కలిపి ఉంచేది

డిసెంబరు నెల వచ్చిందంటే మన క్రైస్తవ గృహాలలో పిండివంటల సందడి మొదలవుతుంది. అరిసెలు, జంతికలు, రవ్వలడ్లు తప్పనిసరి. ఇక కేకు సంగతి. ఓవెన్ లేని రోజులలో మా అమ్మ దళసరి గిన్నెలో ఇసుక పోసి ఇంట్లోనే కేకు కాల్చేది. ఏలూరులో మా ఇంట నేను కూడా అలాగే దాదాపు ఇరవై ఏళ్ళుగా కేకుతో పాటు మరొక తీపి చేస్తున్నాను. దాని గురించి, దాని వలన నేర్చుకొన్న ఒక సంగతి గురించి సహోదరీలతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఇది అమెరికా వంటకం. తాడేపల్లిగూడెంలో ఉండే మా చెల్లెలి కూతురు అక్కడి నుంచి సెలవులకు వచ్చినప్పుడు చేసి చూపించింది. అక్కడ వీటిని ‘బార్స్’ అంటారు. ఆ మాట వినగానే మా అత్తగారు, “క్రైస్తవుల ఇంట్లో బారేమిటమ్మా!” అన్నారు. అప్పటి నుంచి మా ఇంట ఇవి ‘పొరల ముక్కలు’. పొరల తీపి మన గోదావరి వాళ్ళకు కొత్త కాదు. తాపేశ్వరం మడత కాజా, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు, రెండూ పొరలే కదా! అయితే వాటికి చేయి తిరిగిన పనితనం కావాలి. దీనికి ఓపిక ఉంటే చాలు.

150 గ్రాముల మేరీ బిస్కెట్లు మెత్తగా దంచి, 75 గ్రాముల వెన్న కరిగించి కలపాలి. ఎనిమిది అంగుళాల పళ్ళెంలో దానిని అదిమి పరచాలి. దాని మీద 75 గ్రాముల ఎండుకొబ్బరి కోరు, 75 గ్రాముల చాక్లెట్ తునకలు, 50 గ్రాముల జీడిపప్పు పలుకులు ఒకదాని మీద ఒకటి చల్లాలి. చివరగా చిక్కటి డబ్బా పాలు, అంటే 400 గ్రాముల మిల్క్‌మెయిడ్ డబ్బాలో సగం, అంతటా సమంగా పోయాలి. గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. తరువాత పళ్ళెం లోపల పెట్టి సన్నని సెగ మీద 40 నిమిషాలు ఉంచాలి. ఓవెన్ ఉన్నవారికి 180 డిగ్రీల వేడిలో అరగంట చాలు. అంచులు ఎర్రబడితే దించి, పూర్తిగా చల్లారాకే కోయాలి. పదహారు ముక్కలవుతాయి.

ఇందులో ఒక విశేషముంది. కొబ్బరి, జీడిపప్పు, బిస్కెట్ పొడి దేనికదే పొడిపొడిగా ఉంటాయి. పైన పోసిన పాలు సందులలోకి దిగి, సెగకు ఉడికి, చల్లారేటప్పుడు గట్టిపడి అన్నిటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతాయి. వేడి మీద తొందరపడి కోస్తే పొరకు పొర విడిపోతుంది.

2006 చివరిలో మా వీధిలోకి కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక కుటుంబం అద్దెకు వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటిని పట్టి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు కొల్లేరు. చేపల చెరువుల గట్లతో ఆ నీటిదారి మూసుకుపోయింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సుకు అది అవసరమే. కానీ ఆ చెరువుల మీద కూలి చేసుకొని బ్రతికేవారికి ఒక్కసారిగా పని పోయింది. ఈ కుటుంబం వారిలో ఒకటి.

ఆ క్రిస్మస్‌కు గిన్నెలో ఎనిమిది ముక్కలు పెట్టి ఆమెకు ఇచ్చాను. ఆమె గుమ్మంలోనే నిలబడి, “అక్కా, ఈ ఏడు మా పొయ్యి మీద మూకుడే పెట్టలేదు. గిన్నె ఖాళీగా ఎలా పంపను?” అంది. ఇచ్చిన గిన్నె ఖాళీగా పంపకూడదన్నది మన ఊళ్ళ మర్యాద. ఆమె బాధ ఆకలి కాదు, వట్టి చేతులు. మరునాడు ఆ గిన్నెలో గుప్పెడు ఎండురొయ్యలు వచ్చాయి. వద్దనడానికి నోరు వచ్చినా, ఆమె ముఖం చూసి రెండు చేతులా అందుకొన్నాను. మరుసటి ఏడాది ఆమే వచ్చి, “అక్కా, కొబ్బరి నేను కోరుతాను” అని పీట వేసుకొని కూర్చుంది. ఆ పదహారు ముక్కలు ఇద్దరం కలిసి చేసినవి, ఇద్దరం కలిసి వీధిలో పంచినవి.

పండుగ దినాన ఏమీ వండుకోలేని వారికి కూడా భాగం పంపాలని నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం మనకు నేర్పుతున్నది. మనలో చాలామంది అది చేస్తూనే ఉన్నాము. అయితే సారెపతు విధవరాలిని జ్ఞాపకం చేసుకోండి. ఆమె ఇంట పట్టెడు పిండి, కొంచెం నూనె మాత్రమే ఉన్నప్పుడు, దైవజనుడైన ఏలీయా ఆమె చేతి రొట్టెను అడిగి తిన్నాడు. పేదరాలి చేతి నుంచి పుచ్చుకోవడం ఆమెకు గౌరవమిచ్చింది, ఆమె ఇల్లు పోషింపబడింది. ఎప్పుడూ ఇచ్చేవారం మనమే, పుచ్చుకొనేవారు వారే అయితే, పైపొర పైనే, కిందిపొర కిందనే ఉండిపోతాయి. ప్రేమ రెండు వైపులా దిగినప్పుడే సంఘం ఒక్కటిగా నిలుస్తుంది.

ప్రియ సహోదరీ, ఈ క్రిస్మస్‌కు నీ పొరుగింటికి పళ్ళెం తప్పక పంపు. వీలైతే పొరుగింటామెను నీ వంటింటికి పిలువు. ఆమె తెచ్చినది గుప్పెడైనా సంతోషంగా అందుకో. మనకొరకు దరిద్రుడై, ఇతరుల పరిచర్యను అంగీకరించిన ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమెన్.