పేచీ ఎక్కడ?

అమెరికా లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్‌లో ఒక రకం ప్రశ్న ఉంటుంది: ఇద్దరు వాదించుకుంటారు, వారి పేచీ దేనిమీదో అభ్యర్థి పట్టుకోవాలి. బస్సు ఛార్జీలు ఎత్తేస్తే కార్లు తగ్గుతాయి, కాబట్టి ఎత్తేయాలంటాడు ఒకాయన. కార్లు తగ్గే మాట నిజమే గానీ, ఆదాయం పోయి బస్సులూ తగ్గుతాయి, కాబట్టి ఎత్తేయకూడదంటుంది మరొకామె. కార్ల సంగతిలో ఇద్దరిదీ ఒకే మాట. ఆదాయం గురించి మొదటాయన నోరే విప్పలేదు. తొందరపడేవారు బోల్తాపడేది ఇక్కడే. మౌనాన్ని వ్యతిరేకతగా లెక్కగట్టడం ఇంటి తగాదాల్లో చెల్లుతుందేమో, పరీక్షలో చెల్లదు. సరైన ఎంపికకు ఒకరి మాటల్లో అవునని, ఇంకొకరి మాటల్లో కాదని జవాబు దొరకాలి. ఇక్కడ అలా దొరికేది, ఛార్జీలు ఎత్తేయాలన్న అంశం ఒక్కటే. జవాబు సూటిగా ఉండనక్కర్లేదు, తప్పనిసరిగా తేలితే చాలు. కొన్ని ప్రశ్నలు తిరగేసి, ఇద్దరూ ఒప్పుకునేదేమిటని అడుగుతాయి.